తూప్రాన్ నుంచి వెనక్కి, బేగంపేట దాకా

మా తిరుపతి బైరాగిపట్టెడలో ఒక కుర్రాడు ఎయిర్ ఫోర్స్ పైలట్ ట్రైనింగ్‌కి సెలెక్ట్ అయ్యాడు. కొండకెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు, వీధంతా లడ్డూలు పంచారు, ఆ సాయంత్రమే వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఫోన్‌లో పాత వార్త ఒకటి తెరిచి చూపించింది. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానం కూలి, నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఇద్దరూ పోయిన వార్త.

"యుద్ధంలో అంటే సరే, నేర్చుకునేటప్పుడు కూడా పోతారా అన్నా?"

పోతారు. ఇది ఇప్పటి సంగతి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్ (బాంబులేసే విమానాల విభాగం) 55,573 మందిని పోగొట్టుకుంటే, అందులో సుమారు 8,000 మంది శత్రువును చూడకుండానే, శిక్షణలోనో మామూలు ప్రమాదాల్లోనో పోయారు. కారణం పెద్ద రహస్యమేం కాదు, తొందర.

మన దగ్గరా అదే తొందర. 1932లో పుట్టిన భారత వైమానిక దళానికి యుద్ధం మొదలయ్యేనాటికి ఉన్నది ఒకే ఒక్క స్క్వాడ్రన్ (విమానాల దళం), ముగిసేసరికి తొమ్మిది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాక మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు పరుగెత్తిన రోజులవి, పైలట్లు కావాలంటే నిన్నటికే కావాలి. మన తిరుపతి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లాలో ఉండేది, ఇక్కడి కుర్రాడు చేరాడనుకుంటే రేణిగుంటలో రైలెక్కి ఎక్కడో లాహోర్ వాల్టన్‌లోని శిక్షణ కేంద్రానికి పోవాలి. అక్కడ డ్రిల్లు, మోర్స్ టకటకలు, మ్యాపులు, వాతావరణం లెక్కలు. తర్వాత బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో మొదటిసారి గాల్లోకి, ఆ పైన అంబాలాలో హార్వర్డ్ విమానం, చివరికి పెషావర్ వైపు హరికేన్ యుద్ధ విమానం. బర్మాలో యుద్ధం ఆ తర్వాత.

బేగంపేటలో చేతికిచ్చేది టైగర్ మాత్. గుడ్డ కప్పిన రెండు జతల రెక్కలు, 130 హార్స్‌పవర్ ఇంజన్, పైకప్పు లేదు, బ్రేకులు లేవు (అవును, లేవు). స్టార్ట్ చేయాలంటే ఒకడు ముందు నిలబడి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. పాఠం చెప్పే ఆయన ముందు సీట్లో, నేర్చుకునేవాడు వెనక, ఇద్దరి మధ్యా మాటకు ఒక గొట్టం, అందులోంచి ఎక్కువగా వచ్చేవి తిట్లే అయ్యుంటాయని నా అనుమానం. కొన్ని గంటలు అలా తిప్పాక ఒకరోజు ఆయన దిగిపోతాడు. దిగి, తన సీటు బెల్టులు గాలికి ఊగి కంట్రోల్స్‌లో చిక్కుకోకుండా బిగించి కట్టి, పో అంటాడు. అదే సోలో. ఎదురుగా ఖాళీ సీటు, గొట్టంలో మాట లేదు. సోలో చేయలేనివాడిని వేరే పనికి మార్చేవాళ్లు, పోనీలే అనుకునే వయసా అది? చాలామందికి కూలిపోవడం కంటే అలా మార్చేయడమే పెద్ద టెన్షన్.

యుద్ధం అయిపోయినా ట్రైనర్ విమానం గొడవ తీరలేదు. టైగర్ మాత్ తర్వాత మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ తయారు చేసిన హెచ్‌టీ-2, ఆ తర్వాత హెచ్‌పీటీ-32. దీని ఇంజన్ గాల్లోనే ఆగిపోతోందని ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నా, 2009లో మరో ఇద్దరు చనిపోయాకగానీ పక్కన పెట్టలేదు. ఇది మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కొత్త విమానం వెంటనే రాక కొన్నాళ్లు పిల్లల్ని నేరుగా కిరణ్ జెట్‌లోనే కూర్చోబెట్టారు. స్విట్జర్లాండ్ పిలాటస్ వచ్చింది 2013లో. తూప్రాన్‌లో కూలింది అదే రకం. 2023 మార్చిలో మళ్లీ హెచ్‌ఏఎల్‌కే 70 హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలు ఆర్డరిచ్చారు.

ఇదంతా చెప్తుంటే ఆమె మధ్యలో ఆపింది. "ముందు నేల మీద మిషన్లో నేర్పిస్తారంట కదన్నా, అది ఎన్నాళ్లు?" సిమ్యులేటర్ గురించి అడుగుతోంది. వాడినే అడగమన్నాను. వాడు అప్పటికే సూట్‌కేసు కొనడానికి గాంధీ రోడ్డుకి పోయాడట.