వెన్ను ఆపరేషన్ తర్వాత ఏ నొప్పి ఎక్కడిది?

వెన్నుపూసలను స్క్రూలతో బిగించి ఒకటిగా కలిపే ఆపరేషన్ తర్వాత మొదటి రోజు చాలా కష్టంగా గడుస్తుంది. జర్మనీలో 179 రకాల శస్త్రచికిత్సలను పోల్చి 2013లో ప్రచురించిన పరిశీలనలో, తొలిరోజు నొప్పి అత్యధికంగా ఉన్నవాటిలో ఇదీ ఒకటి. కాబట్టి నొప్పి ఎక్కువగా ఉందని చెప్పుకోవడానికి రోగి మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

అయితే అది ఒకే నొప్పి కాదు. ఎముక దగ్గరకు చేరడానికి వీపు కండరాలను పక్కకు తప్పిస్తారు, అక్కడ వాపు వచ్చి సలుపు పుడుతుంది. దెబ్బతిన్న కండరం బిగుసుకుపోయి, పక్కకు తిరిగినప్పుడల్లా పట్టేస్తుంది. అంతకుముందే డిస్క్ (పూసల మధ్య ఉండే మెత్త) కింద నలిగిన నరం వేరుగా మంట పెడుతుంది, కాలిలోకి జివ్వుమని లాగుతుంది. కోతవల్ల వచ్చిన సలుపుకు పనిచేసే మందు నరం మంటను అంతగా తగ్గించకపోవచ్చు.

అందుకే డెన్మార్క్ వైద్యుడు హెన్రిక్ కెహ్లెట్, ఆయన సహచరుడు డాల్ 1993లో ప్రతిపాదించిన పద్ధతి నేడు చాలాచోట్ల అమల్లో ఉంది: ఒకే బలమైన మందును పెంచుకుంటూ పోకుండా, వేర్వేరు చోట్ల పనిచేసే మందులను తక్కువ మోతాదుల్లో కలిపి ఇవ్వడం. పారాసిటమాల్, వాపు తగ్గించే మాత్రలు, కోత దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. వీటికి లొంగనంత నొప్పికే మార్ఫిన్ వంటివి వాడతారు. వాపు తగ్గించే మాత్రలు ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయేమోనన్న అనుమానం ఇంకా తీరలేదు. అందుకని పూసలు కలిపే ఆపరేషన్ చేయించుకున్నవారు వాటిని సొంతంగా కొనుక్కుని మింగకూడదు. ఎముక అతుకుకు పొగతాగడం చేసే హాని విషయంలో మాత్రం అంత అనుమానం లేదు. నరాల మంటకు వాడే గబాపెంటిన్‌ను ఒకప్పుడు ఆపరేషన్ తర్వాత చాలామందికి ఇచ్చేవారు. మార్ఫిన్‌తో కలిస్తే అది శ్వాసను మందగింపజేయవచ్చని తెలిశాక ఆ ఉత్సాహం తగ్గింది.

మాత్రను వేళకు వేసుకోవాలా, ఓర్చుకోలేనప్పుడు వేసుకోవాలా? మొదటి రోజుల్లో వేళకే. నొప్పి సంకేతాలు ఎడతెగకుండా వస్తూ ఉంటే వెన్నుపాములోని నాడీకణాలే మరింత సున్నితంగా మారిపోతాయని నాడీశాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో జంతువులపై చూపించాడు. ఆ స్థితి వచ్చాక చిన్న తాకిడి కూడా బాధిస్తుంది, అదే మందు మునుపటిలా పనిచేయదు. పళ్లు బిగించి భరించడాన్ని మెచ్చుకునేవాళ్లు ఇంటినిండా ఉంటారు గానీ, ఇక్కడ ఆ ఓర్పువల్ల లాభం లేదు.

కొన్ని ఆసుపత్రుల్లో బటన్ నొక్కితే మార్ఫిన్ వచ్చే పంపు ఇస్తారు. ఒకసారి నొక్కాక కొన్ని నిమిషాలు మళ్లీ నొక్కినా మందు రాదు. దాని అసలు రక్షణ ఇంకొకటి: మత్తు ఎక్కువైన రోగి నిద్రపోతాడు, ఇక నొక్కలేడు. ప్రేమకొద్దీ పక్కనున్నవారు నొక్కితే ఆ రక్షణ పోతుంది. మార్ఫిన్ జాతి మందులు మలబద్ధకం కూడా తెస్తాయి. ముక్కితే వీపు నొప్పి రెట్టింపవుతుంది కాబట్టి విరేచనం మందు మొదటి నుంచే అడగాలి.

నొప్పి పూర్తిగా పోవాలని పట్టుబట్టడం నా దృష్టిలో తప్పు లక్ష్యం. దగ్గగలుగుతున్నారా, నడుము మెలితిప్పకుండా శరీరమంతా ఒకేసారి పక్కకు దొర్లి లేవగలుగుతున్నారా, బాత్‌రూమ్ దాకా నడవగలుగుతున్నారా? మందు చాలిందా లేదా అన్నది వీటితోనే తేల్చాలి. వైద్యులు అనుమతిస్తే మర్నాటి నుంచే నడక మొదలవుతుంది.

కాలి నొప్పి చాలామందికి వెంటనే తగ్గుతుంది, పాదం మొద్దుబారడం మాత్రం నెలల తరబడి ఉండవచ్చు. తెగిన నరపు పోగులు తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరే. ఈలోగా వచ్చే చిమచిమలన్నీ ఆపరేషన్ విఫలమైందనడానికి గుర్తులు కావు.

కొన్నింటికి మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు: మూత్రం రాకపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాలు కొత్తగా బలహీనపడటం. జ్వరంతో కోత దగ్గర చీము, కూర్చోగానే మొదలై పడుకుంటే తగ్గే తలనొప్పి, ఒక పిక్క వాచి నొప్పెట్టడం కూడా అదే రోజు ఆపరేషన్ చేసిన బృందానికి చెప్పాల్సినవే. హఠాత్తుగా ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.