నల్లగా కనిపించిన చోట కణం లేదనుకోకండి

పిల్లలకు ఆశీస్సులు.

మాక్యులాలో, అంటే కంటి వెనక కాంతిని పట్టే రెటీనా అనే పొర నడిమి భాగంలో, పడ్డ రంధ్రం ఆపరేషన్‌తో మూసుకున్నా చూపు పూర్తిగా రాలేదంటే, అక్కడి కణాలు చచ్చిపోయినట్టేనా అని అడిగారు. కాకపోవచ్చు. ఆ సంగతి తేల్చాలంటే కణాలను ఒక్కొక్కటిగా చూడాలి. అదేమంత తేలిక కాదు.

రెటీనా నడిమధ్య ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. చదవడానికీ, ముఖాలు గుర్తుపట్టడానికీ అదే ఆధారం. దాని నట్టనడుమ మసక వెలుతురులో చూసే కణాలైన రాడ్లు ఉండవు, పగటి వెలుగునూ రంగులనూ చూసే కణాలైన కోన్లే కిక్కిరిసి ఉంటాయి. చదరపు మిల్లీమీటరుకు సగటున 2 లక్షల దాకా! అక్కడ ఒక్కో కోను మందం సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు.

ఆపరేషన్ తర్వాత మామూలుగా తీసే స్కాను ఓసీటీ. రెటీనాను నిలువుగా కోసినట్టు పొరపొరనూ చూపిస్తుంది. లోతులో 5, 6 మైక్రాన్ల తేడాను కూడా పట్టేస్తుంది. పక్కపక్కన ఉన్నవాటిని విడదీయడంలో మాత్రం మామూలు యంత్రానికి 15 మైక్రాన్ల దగ్గరే చేతులెత్తేయక తప్పదు. అందుకే కోన్లన్నీ కలిసి ఒక తెల్ల గీతలా కనిపిస్తాయి. ఆ గీతను ఎలిప్సాయిడ్ జోన్ అంటారు. రంధ్రం మూసుకున్నాక కూడా అది కొంతకాలం తెగి ఉండొచ్చు. నెలల తరబడి మెల్లగా పూడుతూ వస్తుంది.

మరి పెద్ద భూతద్దం పెట్టి చూడొచ్చు కదా అంటారేమో. అడ్డు తగిలేది మన కన్నే. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియాలోనూ, లెన్సులోనూ ఉండే చిన్న చిన్న వంకరలు, లోపలి నుంచి వచ్చే కాంతిని చెదరగొడతాయి. కంటిపాప చిన్నదిగా ఉంటే ఈ వంకరల బాధ తగ్గుతుంది గానీ, ఇరుకు దారిలో కాంతి దానంతటదే పరుచుకుపోయి బొమ్మ మసకబారుతుంది. పాప పెద్దదైతే ఆ చిక్కు పోయి వంకరలు బయటపడతాయి. దీనికి విరుగుడు ఖగోళ శాస్త్రం నుంచి వచ్చింది. 1953లో ఖగోళ శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ టెలిస్కోపుల కోసం చెప్పిన ఉపాయాన్ని, 1997లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో లియాంగ్, విలియమ్స్, మిల్లర్ కంటికి వాడి, బతికున్న మనిషి కంట్లో కోన్లను చూపించారు. దాని పేరు అడాప్టివ్ ఆప్టిక్స్.

పని జరిగే తీరు ఇది. సన్నని కాంతిని రెటీనా మీద ఒక చుక్కగా వేస్తారు. అది తిరిగి బయటికి వచ్చేటప్పుడు వరుసగా పేర్చిన చిట్టి కటకాల పలక మీద పడి, చుక్కల వరుసలుగా విడిపోతుంది. ఏ చుక్క తన చోటు నుంచి ఎటు జరిగిందో చూసి, కాంతి ఎక్కడ ఎంత వంగిందో కంప్యూటరు లెక్కగడుతుంది. సరిగ్గా దానికి ఎదురు వంపు వచ్చేలా ఒక అద్దం తన ఆకారం మార్చుకుంటుంది. ఈ కొలత, దిద్దుబాటు సెకనుకు ఎన్నోసార్లు జరుగుతూనే ఉంటాయి.

ఆపరేషన్ అయిన కంటికి మొదటి షరతు ఓపిక. రంధ్రం మూసుకోవడానికి కంటి లోపల పెట్టిన గ్యాసు కరిగిపోయే దాకా ఈ బొమ్మ తీయలేరు. ఎస్ఎఫ్6 అయితే దాదాపు రెండు వారాలు, సి3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ తర్వాత కంటిపాపను పెద్దది చేసే ట్రోపికమైడ్ లాంటి మందు చుక్కలు వేసి, అది కనీసం 6 మిల్లీమీటర్లు విచ్చుకునే దాకా ఆగుతారు. గడ్డం ఆన్చి, ఎదురుగా ఉన్న గుర్తునే చూడమంటారు. కన్నీటి పొర కొద్ది సెకన్లలోనే చెదిరిపోతుంది, దాంతో పాటే పలక మీది కాంతి చుక్కల వరుసలూ చెదురుతాయి. అందుకని రెప్ప వేయించి, వెంటనే తీయాలి. ఎంత కదలకుండా చూసినా కన్ను సన్నగా వణుకుతూనే ఉంటుంది. కాబట్టి ఒకే చోట పదుల కొద్దీ ఫ్రేములు తీసి, చెడిపోయినవి పారేసి, మిగిలినవి ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి సగటు తీస్తారు. ఒక్కో బొమ్మలో పట్టేది ఒకటి రెండు డిగ్రీలే. డిగ్రీ అంటే రెటీనా మీద సుమారు 0.3 మిల్లీమీటరు. మిగతాదంతా అంచులు కలుపుతూ అతకాలి. విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసేసే ఈ ఆపరేషన్, తర్వాత శుక్లం పెరగడం మామూలే. అది ముదిరితే అద్దం ఎంత వంగినా ఏమీ దిద్దలేదు.

ఇక అసలు విషయం. ఫొటోలో మెరిసే చుక్క ఒక కోను. మెరుపు లేకపోతే? బావిలోకి టార్చి నిలువుగా వేస్తే అడుగున నీళ్లు మెరుస్తాయి, ఏటవాలుగా వేస్తే గోడే కనిపిస్తుంది. కోను కూడా తన దిశలో వచ్చిన కాంతినే చక్కగా తిప్పి పంపుతుంది. అది కాస్త వాలిపోయినా, దాని బయటి భాగం ఇంకా పెరగకపోయినా, పైన వాపు అడ్డొచ్చినా అక్కడ నలుపే. రెటీనా ఊడిపోయి మళ్లీ అతుక్కున్న కళ్లలో ఆ బయటి భాగం పొట్టిదై, తర్వాత మెల్లగా పెరుగుతుంది. అందుకే జాగ్రత్తగా చూసేవాళ్లు రెండు రకాల బొమ్మలు ఒకేసారి తీస్తారు. మొదటిది కోను తిప్పి పంపిన మెరుపును పడుతుంది. రెండోది, స్ప్లిట్ డిటెక్షన్, పక్కలకు చెదిరిన కాంతితో కోను లోపలి భాగం ఆకారాన్ని చూపిస్తుంది. మొదటిదాంట్లో నలుపు ఉండి రెండోదాంట్లో గుండ్రని మొటిమలు కనిపిస్తే, కణం ఉందన్నమాట, తొందరపడకూడదు. రెండింట్లోనూ ఏమీ లేకపోతేనే పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు కూడా ఒక్క రోజు బొమ్మతో తీర్పు చెప్పడం నాకు సరైన పనిగా తోచదు.

మూడు నెలల తర్వాత మళ్లీ తీసి పోల్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది. రంధ్రం మూయడానికి రెటీనా లోపలి పలచని పొర ఒలిచిన కంట్లో ఫోవియా కాస్త కంటి నరం వైపు జరుగుతుంది. కంటి నరం నుంచి దూరం కొలిచి అదే చోటనుకుంటే వేరే కణాలను లెక్కపెట్టినట్టవుతుంది. ఫోవియా నుంచే దూరం కొలవాలి, చుట్టూ ఉన్న రక్తనాళాల చీలికలతోనూ సరిచూసుకోవాలి. రెటీనా ఊడినప్పుడు కంటి చుట్టూ పట్టీ వేసే ఆపరేషన్ అయితే కన్ను పొడవే పెరుగుతుంది, డిగ్రీకి ఎన్ని మైక్రాన్లో మారిపోతుంది. పొడవు మళ్లీ కొలిచి లెక్క సరిచేయాలి. పైగా ఫోవియా మధ్యలో కోన్ల సంఖ్య మనిషికీ మనిషికీ 1 లక్ష నుంచి 3 లక్షల దాకా మారుతుంది. అందుకే వేరేవాళ్ల సగటుతో కన్నా, ఆరోగ్యంగా ఉంటే ఆ మనిషి రెండో కంటితోనే పోల్చడం మేలు.

మీ
తాతయ్య