ముగ్గేసిన చేతికి లెక్క రాదా? ఓపెన్ టెన్త్‌లో బొమ్మల మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో పగలు డ్రాయింగ్ మాస్టారిని, సాయంత్రం ఓపెన్ టెన్త్ కట్టినవాళ్లకు పాఠాలు చెబుతాను. 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు కనక నా దగ్గరికొచ్చేది ఎక్కువగా పెద్దవాళ్లే. పది పాసైతేగానీ కార్యకర్త కాలేని అంగన్‌వాడీ ఆయాలు, కొట్లలో పనిచేసేవాళ్లు, ఆటో డ్రైవర్లు. "బొమ్మలేసి చదవండి" అంటే మొదట నవ్వుతారు. ఆ తర్వాత వచ్చే మాటలివి.

అపోహ: "నానేటి, బొమ్మలేటి మాస్టారూ! కోడిని గీస్తే కాకవుద్ది."

కాకైనా పరవాలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని మాటల్ని రాయించారు, కొన్నింటికి బొమ్మ గీయించారు. గీసినవే ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నదానితో పని లేకపోయింది. అంతదూరం ఎందుకు, సీతంపేట కొండల్లో సవరలు గోడల మీద వేసే బొమ్మలు చూడండి. నాలుగు గీతలు, రెండు త్రిభుజాలు. దున్నేవాడెవడో ఆడేవాడెవడో తెలిసిపోతుంది. పరీక్షకు ఆ మాత్రం చాలు.

అపోహ: "ముగ్గులు వేరు, లెక్కలు వేరు."

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నాకు ఇష్టమైన చోటిది. ఒక ఆయా అంకశ్రేఢి, అంటే ఒకే తేడాతో పెరిగే లేదా తగ్గే సంఖ్యల వరస, ఆ పేరు చెబితేనే పుస్తకం మూసేసేది. ఒకరోజు సుద్దముక్క చేతికిచ్చి, 15 చుక్కలు, 8 వరకు సందుచుక్క పెట్టమన్నాను. మాట పూర్తయ్యేలోపు సగం పెట్టేసింది. "మొత్తం ఎన్ని చుక్కలమ్మా?" అంటే వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టబోయింది. మధ్య వరస పదిహేనూ పక్కన పెట్టమని, పై సగం చూపించాను. 14, 13, అలా దిగుతూ 8 దాకా ఏడు వరసలు. మొదటిదీ చివరిదీ కలిపితే 22. రెండోదీ, చివరి నుంచి రెండోదీ కలిపినా 22. ఏడు ఇరవైరెళ్లు 154, అందులో సగం 77. కింద సగం ఇంకో 77, మధ్యన 15. మొత్తం 169.

"ఆ సూత్రం ఇదేనేటి?" అంది.

ఇదే. ఎన్ బై టూ ఇంటూ, బ్రాకెట్లో ఏ ప్లస్ ఎల్. ఎన్ అంటే ఎన్ని వరసలో, ఏ మొదటిది, ఎల్ చివరిది.

అయితే అర్థమైంది కదా అని అక్కడితో వదిలేస్తే లాభం లేదు. మర్నాడు చుక్కలు లేకుండా అలాంటివే నాలుగు లెక్కలు చేయించాను. మూడోది తప్పింది. మళ్లీ ముగ్గు దగ్గరికి వెళ్లాం.

సరూప త్రిభుజాలకైతే కొబ్బరిచెట్టు చాలు. చిత్రకారులు చెయ్యి చాచి, పెన్సిల్ నిలువుగా పట్టి, ఒంటికన్నుతో కొలుస్తారు చూశారా, అదే పద్ధతి. చెట్టు పెన్సిల్ మీద 12 సెంటీమీటర్లు వచ్చింది, కంటికీ పెన్సిల్‌కీ 60 సెంటీమీటర్లు, చెట్టు 50 మీటర్ల దూరంలో ఉంది అనుకోండి. 12 బై 60 అంటే ఐదో వంతు. చెట్టు 10 మీటర్లు.

అపోహ: "రంగులేస్తే చదివినట్టే."

ఈ తప్పు నేనే చేయించాను. మొదటి ఏడాది ఒకమ్మాయిచేత జీర్ణవ్యవస్థ చార్టు వేయించాను. వారం రోజులు స్కెచ్ పెన్నులు అరగదీసింది. చార్టు గోడకెక్కింది, అందరూ మెచ్చుకున్నారు. చార్టు తిప్పేసి చిన్నపేగు ఎక్కడ మొదలవుతుందమ్మా అంటే నోరు మెదపలేదు. పుస్తకం చూస్తూ దించితే చెయ్యి పనిచేస్తుంది, బుర్ర కూర్చుంటుంది. ఇప్పుడు నా పద్ధతి వేరు. రెండు నిమిషాలు బొమ్మ చూడాలి, పుస్తకం మూసెయ్యాలి, గుర్తున్నంత గీయాలి, తెరిచి తప్పుల్ని ఎర్రపెన్నుతో దిద్దాలి. రెండురోజుల తర్వాత మళ్లీ. చూడ్డానికి దరిద్రంగా ఉంటాయి ఆ కాగితాలు. పనికొచ్చేవి అవే.

అపోహ: "బొమ్మలో ఎలా ఉంటే ఒంట్లో అలాగే."

గుండె బొమ్మలో సగం నీలం, సగం ఎరుపు. దాంతో చెడ్డ రక్తం నీలంగా ఉంటుందని చాలామంది నమ్ముతారు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురెరుపు, అంతే. నీలం వేసేది రెండు దారులూ విడిగా కనబడ్డానికి.

ఇక కుడి ఎడమల గోల. బొమ్మలో కుడి కర్ణిక మనకు ఎడమ చేతివైపు ఉంటుంది, దానికి మార్కులు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. ఆ గుండె మీది కాదు, ఎదురుగా నిలబడ్డ మనిషిది. తరగతిలో ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి కుడిచేతులు ఎత్తమంటే చాలు, ఇంక మరచిపోరు.

అపోహ: "నేను చూసి నేర్చుకునే రకం, నాకు బొమ్మలే పడతాయి."

మనుషుల్ని ఇలా రకాలుగా విడగొట్టి, ఆ రకానికి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటారని గట్టి ఆధారం లేదని 2008లోనే మనస్తత్వవేత్తలు సమీక్ష చేసి తేల్చారు. బొమ్మ అవసరం పాఠాన్ని బట్టి ఉంటుంది. మ్యాపుకి బొమ్మ కావాలి, వ్యాసానికి రాత కావాలి. తెలుగు వ్యాసాన్ని బొమ్మల్లో చదువుతానంటే నేను ఒప్పుకోను.

అపోహ: "మ్యాపు గీయడం నా వల్ల కాదు."

రాష్ట్రాన్ని గీయకండి, సముద్రాన్ని గీయండి. డ్రాయింగులో వస్తువు చుట్టూ ఉన్న ఖాళీని గీయడం అంటాం. ఇచ్ఛాపురం దగ్గర మొదలై నీళ్లు నైరుతికి జారతాయి, గోదావరి, కృష్ణా డెల్టాల దగ్గర నేల ముందుకొచ్చి నీటిని నెడుతుంది, అక్కణ్నించి తడ దాకా దక్షిణంగా దిగిపోతాయి. ఆ ఒక్క గీత కుదిరితే వంశధార కళింగపట్నం దగ్గర ఎక్కడ కలుస్తుందో పెట్టడం కష్టమేం కాదు. పరీక్షలో మాత్రం గీత పెన్సిల్‌తోనే వేయండి, పేర్లన్నీ అడ్డంగా రాయండి. ఏటవాలుగా రాస్తే దిద్దేవాళ్లు కాగితం తిప్పి తిప్పి చూసుకోవాలి.