ముందు మానిటర్, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీరు పంపిన జాబితా చూశాను. దాచుకున్న డబ్బుతో గేమింగ్ కంప్యూటర్‌ని మీ చేతులతో మీరే బిగించుకోవాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ జాబితా తలకిందులుగా ఉంది. మొదట పెద్ద ప్రాసెసర్ రాశారు, తర్వాత ఖరీదైన మదర్‌బోర్డు, ఆ తర్వాత రంగురంగుల లైట్ల క్యాబినెట్. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోయింది. మానిటర్ ఊసే లేదు. నేనైతే మానిటర్ దగ్గరే మొదలుపెడతాను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆటలో మీకు కనిపించే కదలికంతా ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలే. వాటినే ఫ్రేమ్‌లు అంటున్నాం. సెకనుకు 60 ఫ్రేమ్‌లు రావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 7 మిల్లీసెకన్లు కూడా ఉండదు. ఆ కాస్త సమయంలోనే రెండు పనులు జరగాలి. ఎవరు ఎక్కడున్నారు, దెబ్బ ఎవరికి తగిలింది, తలుపు తెరుచుకుందా లేదా అని లెక్క తేల్చి, ఏమేం గీయాలో చెప్పేది ప్రాసెసర్. దాన్ని చుక్కచుక్కగా రంగులతో నింపేది గ్రాఫిక్స్ కార్డు.

ఇప్పుడు ఆ చుక్కలు లెక్కపెట్టండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080. మొత్తం 20,73,600. 1440పీ అనే మధ్యరకం తెర మీద 36,86,400. 4కే తెర మీద 82,94,400, అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగు రెట్లు. తెర మారినా ప్రాసెసర్ పని పెద్దగా మారదు. శత్రువు ఎక్కడున్నాడో తేల్చడానికి తెర మీద ఎన్ని చుక్కలున్నాయన్నది దానికి అక్కర్లేదు. భారమంతా కార్డు మీదే పడుతుంది. అందుకే ఏ కార్డు కొనాలో మీ మానిటర్ చెబుతుంది. మిగతా పార్ట్స్ ఏవి కొనాలో ఆ కార్డు చెబుతుంది. మానిటర్ ఎన్ని అంగుళాలన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

మీ దగ్గరున్నది 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటరే అయితే, అది సెకనుకు 60 సార్లే కొత్త బొమ్మ చూపిస్తుంది. సెకనుకు 200 ఫ్రేమ్‌లు ఇచ్చే కార్డు తెచ్చినా వాటిలో చాలావరకు మీ కంటికి చేరవు. ఆ డబ్బులో కొంత మంచి మానిటర్‌కి పెడితే ప్రతి రోజూ, ప్రతి ఆటలో తేడా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో, బడ్జెట్ చూసుకుని కొనేవాళ్లకి ఫుల్ హెచ్‌డీలో 120 హెర్ట్జ్ పైన ఉన్న మానిటరే సరైన చోటు. 4కే జోలికి ఇప్పుడు వెళ్లకండి.

తర్వాత మీరు ఆడే ఆటలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి పోటీ ఆటలు కార్డుని అంతగా శ్రమపెట్టవు, వాటికి చురుకైన ప్రాసెసర్ కావాలి. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటలైతే కార్డునే పిండేస్తాయి. మీ సంగతి తెలుసుకోవడానికి ఇప్పుడున్న పాత కంప్యూటర్‌లోనే ఒక పరీక్ష చేయండి. ఆట ఆడుతూ ఫ్రేమ్‌ల సంఖ్య చూసి రాసుకోండి. సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ (అంటే తెర మీది చుక్కల సంఖ్య) ఒక్కటే 1280 బై 720కి తగ్గించి, అదే చోట నిలబడి మళ్లీ చూడండి. సంఖ్య ఒక్కసారిగా పెరిగితే ఇన్నాళ్లూ వెనకబడింది కార్డు. పెద్దగా కదలకపోతే వెనకబడింది ప్రాసెసర్. ఈ చిన్న పరీక్షతో, వీడియోల్లో వినే సలహాల కంటే మీ అవసరం మీకే బాగా తెలుస్తుంది.

మామూలుగా అయితే మానిటర్ కాక మిగిలిన డబ్బులో నూటికి 35 నుంచి 40 వంతులు కార్డుకే పెట్టమంటాను. కార్డు కొనేటప్పుడు దాని మీదుండే మెమొరీని తప్పక చూడండి. గోడల మీది గీతలు, బట్టల నేత, మనుషుల ముఖాలు, అన్నిటి బొమ్మలూ అక్కడే ఉంటాయి. ఆ చోటు చాలకపోతే మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతాయి, కావలసినప్పుడల్లా అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఆర్‌ఎక్స్ 6600 కార్డునే తీసుకోండి. తన మెమొరీ నుంచి అది సెకనుకు 224 గిగాబైట్లు అందుకోగలదు. మదర్‌బోర్డు స్లాట్ గుండా రావలసినవైతే సెకనుకు సుమారు 16 గిగాబైట్లే. సాఫీగా నడుస్తున్న ఆట మలుపు తిరగగానే టక్కున ఆగి మళ్లీ కదలడానికి చాలాసార్లు కారణం ఇదే. సగటు ఫ్రేమ్‌ల సంఖ్యలో ఈ కుదుపు కనిపించదు. అందుకే రివ్యూల్లో సగటుతో పాటు ‘1 శాతం లో’ అనే అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేమ్‌ల వేగం, కూడా చూడండి. ఫుల్ హెచ్‌డీకి 8 జీబీ కనీసం అనుకోండి. 12 జీబీ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లోనూ, 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ బీ580లోనూ 12 జీబీ ఉంది. ఆర్క్ కార్డు కొంటే మాత్రం మీ మదర్‌బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోండి. అది లేకపోతే ఆ కార్డు వేగం బాగా పడిపోతుంది.

చవకగా వస్తోందని 4 జీబీ కార్డు కొనకండి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో మెమొరీ 4 జీబీయే, పైగా మదర్‌బోర్డుతో మాట్లాడుకోవడానికి దానికున్నవి నాలుగే లేన్లు (డేటా నడిచే దారులు). కార్డు స్లాట్ పాత తరానిదైన పీసీఐఈ 3.0 బోర్డులో పెడితే ఆ దారి కూడా సగమైపోతుంది. పాత కంప్యూటర్‌కి చవక కార్డు వేద్దామనుకునేవాళ్లకే ఆ కార్డుతో ఎక్కువ నష్టం.

ప్రాసెసర్ విషయంలో 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు) ఉన్నది మీకు చాలు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600 అలాంటిదే. పేరు చివరి అక్షరం కూడా చదవండి. ఇంటెల్‌లో ‘ఎఫ్’ అని ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెడితే తప్ప తెర వెలగదు. కార్డు ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఎఫ్ రకం తీసుకుని ఆ మిగులుని కార్డుకి కలపవచ్చు. కార్డు ఇప్పుడే కొనలేమనుకుంటే సొంత గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, చిన్న ఆటలు ఆడుకుంటూ డబ్బు కూడబెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

మదర్‌బోర్డుకి ఎక్కువ ఖర్చు పెట్టినంత మాత్రాన ఆటలో ఫ్రేమ్‌లు పెరగవు. కానీ సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, ఏదో ఆలోచించి ఎంచుకోవాలి. 2017లో మొదటి రైజెన్‌లు కూర్చున్న ఏఎం4 సాకెట్‌లోనే 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్ కూడా కూర్చుంది. అంత పాత బోర్డుల్లో చాలావాటికి బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలింది. అలాంటి సాకెట్ దొరికితే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. 2022లో వచ్చిన ఏఎం5లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, డీడీఆర్4 కుదరదు. రెండింటికీ గాడి వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి కాబట్టి, ఇంట్లో మంచి డీడీఆర్4 ఉంటే దానికి తగ్గ బోర్డు వెతకడమే తెలివైన పని. మొత్తం 16 జీబీ ఉంటే ఇప్పటికి సరిపోతుంది. ఒక్క 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు. రెండు దారుల్లో డేటా నడుస్తుంది, ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. అయినా మీ బోర్డు పుస్తకంలో ఎలా ఉందో చూసే పెట్టండి.

ఇక పవర్ సప్లై, అదే ఎస్‌ఎంపీఎస్. ఈ ఒక్కచోట నేను పట్టుపడతాను. ఏ పార్ట్ పాడైనా మామూలుగా అదొక్కటే పోతుంది. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతే కార్డునీ బోర్డునీ కూడా తీసుకుపోవచ్చు. దాని పక్కనున్న స్టిక్కర్ చదవడం నేర్చుకోండి. పైన పెద్ద అక్షరాల్లో 500 వాట్లు అని ఉంటుంది. దాన్ని వదిలేసి కింద పట్టికలో 12 వోల్టుల గడికి రండి. కార్డు, ప్రాసెసర్ కరెంటు తీసుకునేది ప్రధానంగా ఆ లైన్ నుంచే. అక్కడ 25 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించండి: 300 వాట్లు. అంటే పేరుకి 500, పనికొచ్చేది 300. మంచి 550 వాట్ల యూనిట్‌లో అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది. మీకు కావలసిన శక్తి ఏమంత ఎక్కువ కాదు. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కి 132 వాట్లు, మధ్యతరగతి ప్రాసెసర్‌కి వంద లోపే. మంచి కంపెనీది 550 వాట్లు హాయిగా సరిపోతుంది. 80 ప్లస్ ముద్ర చూసి మోసపోకండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా అందిస్తుందో అది చెబుతుంది, అంతే. షార్ట్ అయితే ఆగిపోతుందా, వోల్టేజీ పెరిగితే కాపాడుతుందా అన్నది ఆ ముద్ర చెప్పదు. వాటికి విడిగా రివ్యూలు చదవాలి. ఇంకోమాట, ఒక ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన ఊడదీసే కేబుళ్లని మరోదానికి ఎప్పుడూ పెట్టకండి. ప్లగ్ సరిగ్గా పట్టినా లోపలి తీగల వరుస వేరుగా ఉండొచ్చు. 5 వోల్టులు అందాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్తే డిస్క్ కాలిపోతుంది.

ఆటలు దాచుకునే ఎస్‌ఎస్‌డీ 1 టీబీది, మామూలు ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డు మీద పెట్టే వేగమైన రకం) అయితే చాలు. అతివేగపు రకాలతో ఆట తెరుచుకోవడంలో వచ్చే తేడా చాలా కొద్ది. క్యాబినెట్‌కి ముందువైపు జాలీ ఉండాలి, కార్డు పొడవు పట్టాలి. లైట్లు లేకపోయినా ఫరవాలేదు.

సెకండ్ హ్యాండ్ కార్డు కొనొచ్చు. మీ కళ్ల ముందే అరగంట ఆట నడిపి, ఫ్యాన్లు శబ్దం చేస్తున్నాయా, తెర మీద చుక్కలూ చారలూ వస్తున్నాయా అని చూశాకే డబ్బివ్వండి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే కొనండి.

బిగించేటప్పుడు కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోకండి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి పెడితే కొన్న కార్డు ఊరికే కూర్చుంటుంది. మొదటిసారి ఆన్ చేశాక బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయండి, లేకపోతే 3200 అని రాసున్న ర్యామ్ చాలాసార్లు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ తెరిస్తే అసలు వేగం కనిపిస్తుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్లి 144 హెర్ట్జ్ మీరే ఎంచుకోండి. దానంతటది 60 దగ్గరే ఉండిపోవడం మామూలే.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటే. మీ మానిటర్ మోడల్, మీరు ఎక్కువగా ఆడే మూడు ఆటల పేర్లు, నేను చెప్పిన పరీక్షలో వచ్చిన రెండు అంకెలు రాసి పంపండి. అప్పటిదాకా ఏదీ కొనొద్దు. అవి చూశాక కార్డు ఏదో తేల్చి, మిగతా జాబితా కలిసి రాసుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న