అట్రాసిటీ చట్టం: కోర్టు వరండాలో నేను రోజూ వినే అపోహలు

పోయిన నెల ఒకామె ఫిర్యాదు నకలు కొంగున ముడివేసుకుని నా దగ్గరికి వచ్చింది. విప్పి చూస్తే కాగితం మొత్తానికీ ఆరు లైన్లు. అందులో అసలు నేరం గురించి ఉన్నది ఒకే వాక్యం: "నన్ను కులం పేరుతో దూషించినాడు." ఏమని తిట్టాడమ్మా అని అడిగితే తల వంచుకుంది. చాలాసేపటికి ఆ మాట చెప్పింది. ఎక్కడ, ఎవరెవరు విన్నారు అని అడిగితే, "బోరింగు కాడ సార్, నీళ్ళు పట్టుకునే వాళ్ళు నలుగురున్నారు" అంది. ఆ మాటా, ఆ బోరింగూ, ఆ నలుగురూ కాగితంలో ఎక్కడా లేరు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులు చాలా ఏళ్ళుగా వాదిస్తున్నాను. ఈ చట్టానికి బయట ఉన్న శత్రువులు ఎందరో. దాన్ని నమ్ముకున్న మనవాళ్ళకే సరిగ్గా తెలియకపోవడం వల్ల పోతున్న కేసులు కూడా తక్కువేమీ కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "కులం పేరుతో తిట్టాడు" అని రాస్తే సరిపోతుంది.

సరిపోదు. అన్న మాట అన్నట్టే రాయాలి. రాయడానికి సిగ్గనిపించినా, చేయి రాకపోయినా రాయాలి. చట్టం అడిగేది నలుగురి కంటా పడే చోట జరిగిన అవమానం. కాబట్టి చోటు, సమయం, అక్కడున్నవాళ్ళ పేర్లు ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనప్పుడు అన్నది దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు హితేశ్ వర్మ కేసులో చెప్పింది. అలాగని రోడ్డు మీదే జరగాలని కూడా లేదు. ఇంటి ముందరి ఖాళీ స్థలమైనా, ప్రహరీ అవతల దారిన పోయేవాళ్ళకు కనబడుతుంటే చాలని 2008లోనే స్వరణ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది.

ఇంకో సంగతి. మీరు నోటితో చెప్పింది స్టేషన్‌లో రాసుకుంటే, దాన్ని మీకు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి. ఇది 4వ సెక్షన్‌లో పోలీసుల విధిగా రాసి ఉంది. నకలు కూడా వెంటనే ఇవ్వాలి. చదవమని అడగండి. వేలిముద్ర వేసేవాళ్ళయితే మరీ గట్టిగా అడగండి.

అపోహ: ముందు విచారణ చేసి, నిజమని తేలితేనే ఎఫ్ఐఆర్.

2018 మార్చి 20న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల కొంతకాలం అలాంటి పరిస్థితి వచ్చిన మాట నిజం. దాని మీద ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. అదే ఏడాది పార్లమెంటు ఈ చట్టంలోకి 18-ఏ సెక్షన్ తెచ్చింది: ఎఫ్ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదు, అరెస్టుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను సమర్థించింది. అయినా "చూస్తాం, రెండ్రోజులాగి రండి" అన్న మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అలా అంటే ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

ఇక ఎదుటివాళ్ళు పడే టెన్షన్, ఈ కేసులో బెయిలే రాదని. నిషేధం ఉన్నది ముందస్తు బెయిలుకే. అదీ, పైకి చూస్తేనే నేరం కనబడని ఫిర్యాదైతే ఆ నిషేధం వర్తించదని కోర్టులు చెప్పాయి. అరెస్టయ్యాక మామూలు బెయిలు అడగవచ్చు, వస్తుంది కూడా.

అపోహ: ఇన్ని కేసులు కొట్టేస్తున్నారంటే అన్నీ దొంగ కేసులే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. కేసు వీగిపోవడం వేరు, అబద్ధమని తేలడం వేరు. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలని నిబంధన. కిందిస్థాయి అధికారి చేస్తే ముద్దాయి తరఫు వకీలు మొదట పట్టుకునేది దాన్నే. కుల ధ్రువీకరణ పత్రం ఫైల్లో ఉండదు. సాక్షులేమో ముద్దాయి పొలంలోనే కూలికి పోవాలి. మూడేళ్ళ తర్వాత బోనెక్కి "నాకేం తెలియదయ్యా" అన్నవాణ్ణి నేను తిట్టలేను. వాడింట్లో పొయ్యి వెలగాలి కదా. 2019 అక్టోబరులో, 2018 నాటి ఆదేశాలను వెనక్కి తీసుకుంటూ సుప్రీంకోర్టు కూడా శిక్షలు తక్కువ కావడానికి దర్యాప్తు లోపాలే కారణమంది.

చుండూరునే తీసుకోండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ ఎనిమిది హత్యలు అబద్ధమని ఎవరైనా అనగలరా?

డబ్బు కోసం పెడతారంటారు. దూషణ కేసులో 2016 నిబంధనల ప్రకారం పరిహారం లక్ష రూపాయలు. ఎఫ్ఐఆర్ దశలో అందులో పావు వంతు, ఛార్జిషీటుకు సగం, మిగతాది శిక్ష పడితేనే. దానికోసం ఊరంతటితో వైరం పెట్టుకునేవాళ్ళను నేనైతే చూడలేదు.

అపోహ: ఎవరు ఎవరిని తిట్టినా ఈ కేసే.

కాదు. ముద్దాయి ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే ఈ చట్టం వర్తించదు. మామూలు సెక్షన్ల కిందే పోవాలి.

అపోహ: కొట్టలేదు, తిట్టలేదు, ఇక కేసేముంది?

కూలికి పిలవరు. కౌలు పొలం వెనక్కి తీసుకుంటారు. కొట్టుకు పోతే ఉప్పు ప్యాకెట్ కూడా లేదంటారు. దీన్ని ఊళ్ళో "మాట్లాడుకోవడం మానేశాం, అంతే" అని తేలిగ్గా చెబుతారు. చుండూరులో హత్యలకు ముందు నడిచింది ఈ వెలివేతే. 2016 జనవరి 26న అమల్లోకి వచ్చిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ, దాని బెదిరింపు కూడా నేరాలయ్యాయి. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను బలిగొన్న గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. అప్పటికి మన చేతిలో ఉన్నది 1955 నాటి అంటరానితనం చట్టం, పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చుకున్నది. హత్యకూ వెలికీ అది చాలలేదు. కారంచేడు తర్వాత లేచిన ఉద్యమం 1989లో వచ్చిన ఈ అట్రాసిటీ చట్టం వెనకున్న బలాల్లో ఒకటి.

అపోహ: కేసు ప్రభుత్వానిది, పీపీ గారు (ప్రభుత్వ వకీలు) చూసుకుంటారు.

15-ఏ సెక్షన్ చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. బెయిలు సహా ప్రతి విచారణకూ బాధితులకు నోటీసు రావాలి, వాళ్ళ మాట కోర్టు వినాలి. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు హరిరాం భాంభీ కేసులో చెప్పింది. నోటీసు లేకుండా బెయిలు ఇస్తే దాన్ని సవాలు చేయవచ్చు. నోటీసు చేతికి రాగానే వకీలు దగ్గరికి రండి, వాయిదా రోజు ఉదయం కాదు.

కొంగున కాగితం ముడివేసుకుని వచ్చిన ఆమె వాంగ్మూలాన్ని డీఎస్పీ మళ్ళీ నమోదు చేశారు. ఈసారి బోరింగు ఉంది, నలుగురిలో ముగ్గురి పేర్లున్నాయి. నాలుగో ఆమె ముద్దాయి ఇంట్లో పాచిపని చేస్తుంది, ఆమె పేరు రాయొద్దని ఈమే బతిమాలింది. ముద్దాయి బెయిలు పిటిషన్ మీద నోటీసు వచ్చింది. సోమవారం విచారణ. జడ్జి గారి ముందు తనే మాట్లాడతానంటోంది.