ఒకే ప్యాటర్న్, ఇద్దరు వాచ్‌మన్లు

బుజ్జీ, చిన్నూ,

మొన్న ఫోన్లో అడిగారుగా, "తాతయ్యా, బ్యాక్‌స్లాష్ డి ప్లస్ అని రాస్తే పైథాన్‌లో ౧౯౮౭ దొరికింది, అదే జావాస్క్రిప్ట్‌లో పెడితే ఏమీ రావట్లేదేంటి" అని. ప్యాటర్న్ సరిగ్గానే రాశారు. రాతలో వెతకడానికి ఇలా రాసే ప్యాటర్న్‌నే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. బ్యాక్‌స్లాష్ డి అంటే అంకె, ప్లస్ అంటే ఒకటి గానీ అంతకంటే ఎక్కువ గానీ.

గేటు దగ్గర వాచ్‌మన్‌కి చీటీ ఇచ్చి, అంకె కనిపిస్తే ఆపు అన్నామనుకోండి. చీటీ అంటే ప్యాటర్న్, క్యూలో నిలబడేవి అక్షరాలు, ఒక్కో ప్రోగ్రామింగ్ భాషకీ ఒక్కో వాచ్‌మన్. పైథాన్ వాచ్‌మన్‌కి తెలుగంకెలు కూడా తెలుసు, జావాస్క్రిప్ట్ వాడికి 0 నుంచి 9 దాకా ఆ పదే నేర్పారు, గో అనే భాష వాడికీ అంతే. జావా వాడూ మామూలుగా ఆ పదే చూస్తాడు గానీ ఒక ఫ్లాగ్, అంటే అదనపు సెట్టింగు, పెడితే మిగతావీ గుర్తుపడతాడు.

ఇంకో తిరకాసుంది. పైథాన్‌లో మ్యాచ్ అంటే క్యూ మొదట్లోనే చూస్తాడు, మధ్యలో ఉన్నవాళ్లు కావాలంటే సెర్చ్ అనాలి. జావాలో మ్యాచెస్ అంటే క్యూ మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా చీటీకి సరిపోవాల్సిందే, మధ్యలో వెతకాలంటే ఫైండ్. అందుకే ఎవరిదో ప్యాటర్న్ కాపీ కొట్టేముందు అది ఏ భాషదో చూసుకోండర్రా.

మా చిన్నప్పుడు వెతకడమంటే చూపుడువేలే. నాన్న పాత లెక్కల పుస్తకం ముందు పడేసి ఫలానా పేరు ఎక్కడెక్కడుందో చూడరా అంటే, లైను లైనుకీ వేలు జరుపుకుంటూ పోయేవాణ్ణి, కళ్లు మండిపోయేవి. కెన్ థాంప్సన్ అనే ఆయన 1968లోనే మెషీన్ చేత ఆ పని వేగంగా ఎలా చేయించాలో పేపర్ రాశాడని నాకేం తెలుసు! గో, రస్ట్ వాచ్‌మన్లది ఆయన దారే, వెనక్కి తిరగరు, ఉన్న అవకాశాలన్నీ ఒకేసారి గమనిస్తూ ముందుకే నడుస్తారు. పైథాన్, జావాస్క్రిప్ట్ వాళ్లు మాత్రం కుదరకపోతే వెనక్కెళ్లి ఇంకోలా లెక్కపెడతారు. బ్రాకెట్లో ఏ ప్లస్, బయట ఇంకో ప్లస్, ఆ తర్వాత బి అని చీటీ రాసి, బి అన్నదే లేకుండా ముప్పై ఏ అక్షరాలు నిలబెడితే పాపం తిరుగుతూనే ఉంటాడు, ఒక్కో ఏ పెరిగితే పని రెట్టింపు. గో వాడికి ఆ గోల లేదు, కాకపోతే ఇందాక వచ్చిన ముక్కే మళ్లీ వచ్చిందా అని అడిగితే నా వల్ల కాదంటాడు. నాకైతే ఆ బేరం నచ్చింది.

ఇప్పుడొక పని చెయ్యండి. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే పదంలో వచ్చే అక్షరం, దానికి ప్లస్ పెట్టి "తెలుగు" అన్న పదాన్ని వెతకండి. జావాస్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం కూడా దొరకదు, రస్ట్‌లో పదం మొత్తం వస్తుంది. పైథాన్‌లో ఏమొస్తుందో నేను చెప్పను, దొరికినవన్నీ చూపించే ఫైండాల్‌తో రన్ చేసి గుణింతాలు ఏమయ్యాయో మీరే చూసి రాయండి.

మీ తాతయ్య