పేగు అతుకు: స్టాప్లర్ కొంటే లీక్ అవ్వదా?

"డబ్బెంతైనా పర్లేదు సార్, స్టాప్లరే వాడండి, చేత్తో కుడితే లీకవుతుందట కదా!" పేగు ముక్క కోసి, మిగిలిన కొసలు అతికే ఆపరేషన్ ముందురోజు ఈ మాట వినీ వినీ విసుగొచ్చేసింది. స్టాప్లర్ అంటే ఆ కొసల్ని చిన్న పిన్నులతో కలిపే మిషన్. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు.

సరిగ్గా చేస్తే చాలా చోట్ల రెండింటి ఫలితం దాదాపు ఒకటే. కటి లోతులో, పురీషనాళం దగ్గర చెయ్యి ఆడని చోట మాత్రం స్టాప్లర్ కావాలని నేనే అడుగుతాను. కుట్టుకి పట్టునిచ్చేది పేగు గోడలో లోపలి పొర కిందుండే సబ్‌మ్యుకోసా పొర అని అమెరికన్ సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే చూపించాడు. ఆ పొర సూదికి అందాలి, కోసిన అంచు నుంచి ఎర్రటి రక్తం చిమ్మాలి, రెండు కొసలూ లాగకుండానే వచ్చి ఒకదానికొకటి ఆనాలి. ముడి వేసేటప్పుడు అంచు తెల్లబడిందంటే ఎక్కువ బిగించామన్నమాట, విప్పి మళ్లీ వేయాల్సిందే. ఇవి కుదరనప్పుడు ఎంత ఖరీదైన మిషనైనా ఏం చేస్తుంది?

ఇక పేషెంట్ వైపు నుంచి అతుకుని చెడగొట్టేవి: పొగ, అదుపులో లేని షుగర్, తిండి లేక చిక్కిపోయిన ఒళ్లు, స్టెరాయిడ్లు. ఒకాయన కొడుకు స్టాప్లర్ కోసమని భార్య గొలుసు తాకట్టు పెట్టి వచ్చాడు, పెద్దాయనేమో వార్డు వెనక బీడీ కాలుస్తున్నాడు! చిన్నపేగు అతుకే, చేత్తో కుట్టేది. ముందు గొలుసు విడిపించుకో నాయనా, మీ నాన్న చేత ఆ బీడీ మాన్పించు అన్నాను. అరిచానేమో కూడా. పాపం, భయంతోనే చేశాడు, అతన్నేం అంటాం.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఆ పిన్నులు సాధారణంగా టైటానియంవి, ఎమ్మారైకి అడ్డు కావు, స్కాన్ వాళ్లకి ముందే చెబితే చాలు. వారం దాకా నీళ్లు కూడా పోయకూడదన్నది పాత మాట, చాలామందికి మర్నాడే ద్రవాలు మొదలుపెడుతున్నాం. మలం బయటికి పోయేలా పొట్ట మీద సంచి పెట్టారంటే ఆపరేషన్ ఫెయిలైందని ఏడవకండి. పురీషనాళం దగ్గరి కింది అతుకుల్లో లీకైనా ప్రాణం మీదికి రాకుండా పెట్టేది అది, చాలామందికి కొన్ని నెలల్లో మూసేస్తాం.

మొదటి నాలుగైదు రోజులు అతుకుని నిలబెట్టేది ఎక్కువగా ఆ కుట్లూ పిన్నులే, కొత్త కణజాలం అప్పటికి ఇంకా గట్టిపడదు. లీకైతే తరచూ మొదటి వారం చివర్లో, ఒక్కోసారి ఇంటికెళ్లాక బయటపడుతుంది. జ్వరం కంటే ముందే నాడి వేగం పెరగొచ్చు. గుండె దడ, పొట్ట ఉబ్బరం, కొత్తగా నొప్పి, వీటిలో ఏది కనిపించినా గ్యాసే అనుకుని సోడా తాగించకండి, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకొచ్చేయండి.